ముత్తాతది ఏ ఊరు?

జూజువాడి చెక్‌పోస్టు దాటితే కర్ణాటక, వెనక్కి తిరిగితే హోసూరు. ఇంట్లో తెలుగు, తాలూకా ఆఫీసు కాగితంలో తమిళం, అత్తిబెలె అంగట్లో కన్నడం. ఈ ఊరి మనిషి పొద్దుటినుంచి సాయంత్రంలోపు మూడు భాషలూ మాట్లాడి ఇల్లు చేరతాడు. ఆ మాట వింటే గొప్పగా ఉంటుంది. కానీ ఇదే మనిషి తన ముత్తాత గురించి వెతకడం మొదలుపెట్టిన రోజున చిక్కు మొదలవుతుంది. ఏ ఆఫీసుకు పోవాలి?

కృష్ణగిరి జిల్లా 2004 ఫిబ్రవరి 9న పుట్టింది. అంతకుముందు హోసూరు ధర్మపురి జిల్లాలో ఉండేది. ధర్మపురి 1965 అక్టోబరు 2న సేలం నుంచి విడివడింది. అంటే 1940లో హోసూరు తాలూకాలో పుట్టిన తాత పుట్టింది సేలం జిల్లాలో. ఇంకా వెనక్కి, 1799కి ముందు కాలానికి వెళ్తే ఇది టిప్పు సుల్తాను మైసూరు రాజ్యం. ఊరు ఉన్నచోటే ఉంది, పొలాలు ఉన్నచోటే ఉన్నాయి, సరిహద్దే మూడుసార్లు మారింది. పాత కాగితం ఎప్పుడూ అప్పటి ప్రభుత్వం ఎక్కడుంటే అక్కడికి పోయి చేరుతుంది. కాబట్టి వంశం వెతికేవాళ్ళు ‘ముత్తాత ఎవరు’ అన్న ప్రశ్నకన్నా ముందు ‘ఆ రోజున ఆ ఊరు ఎవరి కింద ఉంది’ అన్న ప్రశ్న వేసుకోవాలి.

ఈ మొదటి పాఠం ఐర్లండులో, స్కాట్లాండులో తాతముత్తాతలను వెతికే వాళ్ళకూ వర్తిస్తుంది. ఆ వెతుకులాటకు, హోసూరు కృష్ణగిరి ప్రాంతానికి ఉన్న సంబంధం చాలామంది అనుకున్నదానికన్నా దగ్గరిది.

మూడో మైసూరు యుద్ధంలో, 1791 జూలైలో, ఈస్టిండియా కంపెనీ సేన హోసూరు కోటను పట్టుకుంది. ఆ సేనలో స్కాట్లాండు కొండసీమల నుంచి వచ్చిన పటాలాలు ఉన్నాయి. 1792 సంధితో కృష్ణగిరి వైపు ఉన్న బారామహల్ సీమ కంపెనీ చేతికొచ్చింది, హోసూరు వైపు ఉన్న ఎగువ సీమ మాత్రం 1799లో టిప్పు పడిపోయాక వచ్చింది. బారామహల్‌ను చక్కబెట్టే పని కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కు అప్పగించారు. ఆయన కింద పనిచేసిన సైనికాధికారుల పేర్లు మెక్లౌడ్, గ్రాహం, మన్రో. స్కాట్లాండు చరిత్ర కాస్త తెలిసిన వాళ్ళకు ఆ మూడు ఇంటిపేర్లు వినగానే ఆ దేశం గుర్తొస్తుంది.

అయితే ఇంటిపేరు వినగానే గుర్తొచ్చేది ఆధారం కాదు. అది ఊహ మాత్రమే. హోసూరు కోట కథల్లో హామిల్టన్ అనే బందీ పేరు వినిపిస్తుంది. హామిల్టన్ గ్లాస్గో దగ్గరున్న ఒక పట్టణం, ఆ ఇంటిపేరువల్లే దానికి ఆ పేరొచ్చింది. కానీ 17వ శతాబ్దంలో స్కాట్లాండు వాళ్ళు వేల సంఖ్యలో ఐర్లండు ఉత్తర భాగానికి వలస పోయి స్థిరపడ్డారు. ఆ వలసతో హామిల్టన్లూ వెళ్ళారు. ఇంగ్లండులోనూ ఉన్నారు. ఉత్త పేరు పట్టుకుని ఒక మనిషి ఏ దేశంవాడో చెప్పడమంటే, నాయుడు అన్న మాట విని ఊరు చెప్పడంలాంటిది.

ఇందుకు తెలుగునేలే మంచి సాక్ష్యం ఇస్తుంది. థామస్ మన్రో 1761 మే 27న గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం దెబ్బతింది. తల్లి మార్గరెట్ స్టార్క్. కొడుకు 1780 జనవరిలో కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా మద్రాసులో దిగాడు, 1792 నుంచి ఏడేళ్ళు బారామహల్‌లో పనిచేశాడు, తరవాత దత్తమండలాలకు కలెక్టరయ్యాడు, చివరికి మద్రాసు గవర్నరయ్యాడు. 1827 జూలై 6న కర్నూలు సీమ పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన మీద అభిమానంతో రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.

ఇంకో వందేళ్ళకు ఆ మన్రోలప్పల మునిమనవడొకడు గ్లాస్గో రికార్డుల ముందు కూర్చుని ‘మా పూర్వీకుడి పేరు మన్రో’ అంటే? పేరు నిజమే, రక్తసంబంధం లేదు. అది కృతజ్ఞతతో పెట్టుకున్న పేరు. ప్రపంచంలో ఎక్కడైనా వంశం వెతికేవాళ్ళు మొదట పడే గుంట ఇదే.

రెండో గుంట దీనికి సరిగ్గా ఎదురుది. రక్తసంబంధం ఉంటుంది, పేరు ఉండదు.

హైదరాబాదు కోఠిలో బ్రిటిష్ రెసిడెన్సీ భవనాన్ని కట్టించిన జేమ్స్ ఎకిలీస్ కర్క్‌పాట్రిక్ కథ తెలుగువాళ్ళకు కొత్తది కాదు. నిజాం కొలువులోని ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నీసాను ఇస్లాం పద్ధతిలో పెళ్ళి చేసుకున్నాడు. కొడుకు సాహిబ్ ఆలం, కూతురు సాహిబ్ బేగం. 1805లో ఇద్దరినీ ఇంగ్లండుకు పంపారు. బయల్దేరేముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు వాళ్ళ బొమ్మ గీశాడు. ఆ ఏడే అక్టోబరు 15న తండ్రి కలకత్తాలో చనిపోయాడు. 1806 మార్చిలో లండన్ మేరిల్‌బోన్ చర్చిలో పిల్లలకు బాప్తిస్మం ఇచ్చారు. ఆ రోజునుంచి సాహిబ్ ఆలం విలియం జార్జ్ అయ్యాడు, సాహిబ్ బేగం కాథరిన్ అరోరా అయింది. ఇంట్లో పిలుపు కిట్టీ.

ఆ చర్చి పుస్తకంలో సాహిబ్ బేగం అని వెతికితే ఎవరికీ దొరకదు. హైదరాబాదులో కాథరిన్ అని అడిగితే అసలు తెలియదు. రెండు పేర్లూ ఒకే మనిషివని కలిపిచెప్పే కాగితాలు వేరే ఉన్నాయి: ఉత్తరాలు, వీలునామా, ఆ బొమ్మ. కిట్టీ పెళ్ళయి పిల్లల తల్లి అయ్యాక ఒకసారి ఇంగ్లండులోని స్వాలోఫీల్డ్ భవనానికి వెళ్ళింది. అక్కడ గోడమీద తన చిన్నప్పటి బొమ్మ కనబడి కన్నీళ్ళు పెట్టుకుంది. తల్లి 1813లోనే చనిపోయింది. కానీ అమ్మమ్మ షరఫున్నీసా హైదరాబాదులో బతికే ఉందని తెలిసి 1840లలో ఇద్దరూ ఉత్తరాలు రాసుకున్నారు. మూడేళ్ళ పసిదానిగా విడిపోయిన మనవరాలు దాదాపు నలభై ఏళ్ళకు అమ్మమ్మ ఉత్తరం చూసింది. వంశవృక్షం గీసేవాళ్ళు ‘ధ్రువీకరణ’ అనే ఎండిపోయిన మాటతో పిలిచేది ఇలాంటి ఘడియనే.

కిట్టీ మంచి కుటుంబంలో పడింది కాబట్టి ఆమె తల్లి పేరు మిగిలింది. మద్రాసు రాజధానిలో మామూలు సిపాయిలకు, సార్జెంట్లకు పుట్టిన వేలాది పిల్లల తల్లుల పేర్లు మిగల్లేదు. పాదిరి పుస్తకంలో తండ్రి పేరు, హోదా, పటాలం నిండుగా ఉంటాయి. తల్లి గడిలో ఒక్కోసారి బాప్తిస్మంలో పెట్టిన ఉత్త పేరు, ఒక్కోసారి దేశీయ స్త్రీ అన్న మాట, ఒక్కోసారి ఖాళీ. ఆ ఖాళీ గళ్ళలో తెలుగు తల్లులూ తమిళ తల్లులూ ఉన్నారు. స్కాట్లాండులో పదితరాలు వెనక్కి వెళ్ళగలిగిన ఆంగ్లో ఇండియన్ కుటుంబం, మద్రాసులో ఆ తల్లి దగ్గర ఆగిపోతుంది. ఈ వెతుకులాటలో అన్నిటికన్నా గుండె బరువెక్కే చోటు ఇదే.

అలాంటి పిల్లల కోసం మద్రాసులో 1789లో మగపిల్లల అనాథాశ్రమం పెట్టారు. స్కాట్లాండులోని సెంట్ ఆండ్రూస్‌లో పుట్టిన ఆండ్రూ బెల్ దానికి పెద్ద. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే మన వీధిబడి పద్ధతిని చూసి, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే చదువును అక్కడ నడిపి, మద్రాసు పద్ధతి పేరుతో బ్రిటన్‌కు తీసుకెళ్ళాడు.

మరి కాగితాలు ఎక్కడున్నాయి? మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చి 1680 అక్టోబరు 28న తెరిచారు, అప్పటినుంచీ అక్కడ పెళ్ళిళ్ళు రాస్తూ వచ్చారు. రాజధాని అంతటా ఉన్న చర్చిల బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్ళు లండన్‌కు పంపేవారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి, 1698 నుంచి మద్రాసు వరస దొరుకుతుంది. చాలా భాగం కంప్యూటర్లోకి ఎక్కింది. ఈ పనిలో సాయానికి 1998లో ఏర్పడ్డ ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ అనే సంఘం ఉంది. సమాధిరాళ్ళ కోసమైతే జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో అచ్చువేసిన పెద్ద జాబితాను చూడాలి. మద్రాసు రాజధాని సమాధుల మీది రాతలను ఎత్తి రాసి, కింద ఆ మనిషి గురించి తెలిసింది చేర్చాడు. హోసూరు, కృష్ణగిరి వెతికేవాళ్ళు అందులో సేలం జిల్లా తీయాలి.

ఏ చర్చి అన్నది కూడా ముఖ్యమే. స్కాట్లాండు వాళ్ళలో ఎక్కువమంది ప్రెస్బిటేరియన్లు. మద్రాసు ఎగ్మూరులో వాళ్ళ సెయింట్ ఆండ్రూస్ కర్క్ 1821లో తెరిచారు. అంతకుముందు వాళ్ళ పెళ్ళిళ్ళూ ఆంగ్లికన్ పుస్తకాల్లోనే కనిపిస్తాయి. ఐర్లండు సిపాయిల్లో కాథలిక్కులు ఎక్కువ. వాళ్ళ జ్ఞానస్నానాలు కాథలిక్ గుళ్ళలో వెతకాలి. సికింద్రాబాదులో సైన్యం మధ్య సెయింట్ మేరీస్ గుడి కట్టించిన డేనియల్ మర్ఫీ ఐర్లండులోని కార్క్ ప్రాంతంవాడే. తరవాత ఆయన ఆస్ట్రేలియా టాస్మేనియాలోని హోబార్ట్‌కు బిషప్‌గా వెళ్ళిపోయాడు.

ఇక సముద్రానికి అవతలి సంగతి. స్కాట్లాండులో వెతికేవాళ్ళు అదృష్టవంతులు. అక్కడి చర్చి పుస్తకాల్లో అతి పాతది ఎర్రోల్ అనే ఊరిది, 1553 నుంచి మొదలవుతుంది. 1855 జనవరి 1 నుంచి ప్రభుత్వమే పుట్టుక, పెళ్ళి, చావు నమోదు చేసింది. ఆ మొదటి ఏడాది ఫారాల్లో ఎన్ని వివరాలు అడిగారంటే, రాయలేక గుమాస్తాలు అలిసిపోయి మరుసటేడు తగ్గించాల్సి వచ్చింది. 1855లో ముత్తవ్వకు పెళ్ళయిందని తెలిస్తే వంశం వెతికేవాళ్ళు పండగ చేసుకుంటారు. తల్లి పుట్టింటి ఇంటిపేరు రాయడం అక్కడి అలవాటు, అది మరో మేలు. లోపాలూ ఉన్నాయి. 1783లో ప్రతి నమోదు మీద మూడు పెన్నీల పన్ను వేశారు, 1794 దాకా సాగింది. పన్ను కట్టలేక చాలామంది రాయించుకోలేదు. ఆ పదకొండేళ్ళలో పేరు కనబడకపోతే పుట్టలేదని కాదు, పన్ను కట్టలేదని కావచ్చు.

ఐర్లండు కథ వేరు. 1922 జూన్ 30న, అక్కడి అంతర్యుద్ధం మొదటి రోజుల్లో, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ భవనాల సముదాయంలోని పబ్లిక్ రికార్డు ఆఫీసు పేలి తగలబడింది. ఏడు వందల ఏళ్ళ కాగితాలు బూడిదయ్యాయి. 1821 నుంచి 1851 వరకు నాలుగు జనాభా లెక్కల్లో దాదాపు అంతా పోయింది. 1861 నుంచి 1891 వరకు లెక్కలను ప్రభుత్వమే అంతకుముందు నాశనం చేసింది, చివరి రెంటిని మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం గుజ్జు కోసం వాడేసింది. ప్రొటెస్టెంటు చర్చి పుస్తకాల్లో సగానికి పైగా మంటల్లో పోయాయి. కాథలిక్ పుస్తకాలు ఊళ్ళలోని గుళ్ళలోనే ఉండటంవల్ల బతికాయి. మిగిలినవాటిలో 1901, 1911 జనాభా లెక్కలు, 1847 నుంచి 1864 వరకు జరిగిన గ్రిఫిత్ భూముల మదింపు ముఖ్యమైనవి. గ్రిఫిత్ జాబితా అంటే మన చిట్టా అడంగల్ వంటిది: ఎవరి చేతిలో ఏ తునక, ఎంత విలువ, యజమాని ఎవరు. వంద ఏళ్ళ తరవాత, 2022 జూన్‌లో, ప్రపంచంలోని రకరకాల భాండాగారాల్లో మిగిలిన నకళ్ళను ఏరి, కాలిపోయిన ఆ ఆఫీసును కంప్యూటర్‌లో తిరిగి నిలబెట్టే వర్చువల్ రికార్డ్ ట్రెజరీని తెరిచారు.

ఇక్కడే మద్రాసు కాగితాలకు విలువ పెరుగుతుంది. 1830 నాటి బ్రిటిష్ సైన్యంలో నూటికి నలభైమందికి పైగా ఐర్లండు వాళ్ళు. సిపాయి చేరినప్పుడు, పెన్షన్ తీసుకున్నప్పుడు పుట్టిన ఊరు, చర్చి పరిధి రాసుకునేవారు. కంపెనీలో ఆఫీసరుగా చేరే కుర్రాడు బాప్తిస్మ ధ్రువపత్రం నకలు ఇచ్చేవాడు. ఐర్లండులో అసలు పుస్తకం మసైపోయినా, లండన్‌లోని క్యాడెట్ కాగితాల్లో ఆ నకలు మిగిలి ఉండవచ్చు. డబ్లిన్‌లో పోయిన జాడను మద్రాసు సైన్యం కట్టల్లో వెతకడం అందుకే.

దొరికిన కాగితం తన మనిషిదే అని తేల్చుకోవడం ఎలా? ఇదే అసలు పని. ఒకే చర్చి పరిధిలో ఒకే పేరు ఉన్నవాళ్ళు అయిదుగురు ఉంటారు. స్కాట్లాండులో పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్ద కూతురికి తల్లి తల్లి పేరు పెట్టే ఆచారం ఉండేది. తాత పేరు మనవడికి పెట్టుకునే తెలుగువాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. పిల్లల పేర్ల వరస చూసి తాతల పేర్లు ఊహించవచ్చు, అయితే దాన్ని ఇంకో కాగితంతో సరిచూడాలి. బాప్తిస్మానికి సాక్షులుగా నిలిచినవాళ్ళు తరచు మేనమామలు, పినతండ్రులు. ఖననం తేదీ, వయసు లెక్కేసి వెనక్కి పోతే పుట్టిన సంవత్సరం సరిపోవాలి. మూడు వేర్వేరు కాగితాలు, ఒకదాన్ని చూసి ఒకటి రాయనివి, ఒకే మాట చెబితే అప్పుడు సంతకం పెట్టవచ్చు.

అక్షరాలూ మోసం చేస్తాయి. కర్క్‌పాట్రిక్, కిల్‌పాట్రిక్ రెండింటికీ అర్థం పాట్రిక్ గుడి అనే. ఒకటి స్కాట్స్ మాట, ఇంకోటి గేలిక్ మాట, మన గుడి, కోవెలలాగా. ఐర్లండులో పుట్టి అమెరికాలోని చార్లెస్టన్‌లో వైద్యం చేసిన జేమ్స్ కిల్‌పాట్రిక్ లండన్ చేరాక కర్క్‌పాట్రిక్ అయిపోయాడు. ఒక్క అక్షరం పట్టుకుని వేలాడేవాడికి అతను ఇద్దరు మనుషులు. మన హోసూరు సంగతీ అంతే. పాత ఇంగ్లీషు కాగితాల్లో ఊసూర్, ఓసూర్ అని కనబడుతుంది. పైగా కన్నడంలో హోసూరు అంటే కొత్త ఊరు, ఆ పేరు ఊళ్ళు కర్ణాటకలో లెక్కలేనన్ని. సమాధిరాయి మీద హోసూరు అని ఉన్నంత మాత్రాన అది ఈ హోసూరు కాకపోవచ్చు.

డీఎన్ఏ పరీక్ష ఇప్పుడు ఇంటికొచ్చింది. దానివల్ల తేలిన ప్రసిద్ధమైన సంగతి ఒకటుంది. స్కాట్లాండు అబర్డీన్ ప్రాంతంనుంచి సూరత్‌కు వచ్చిన వర్తకుడు థియోడర్ ఫోర్బ్స్‌కు, ఎలైజా కెవార్క్‌కు పుట్టిన కూతురు కాథరిన్‌ను చిన్నప్పుడే స్కాట్లాండు పంపేశారు. ఎలైజా ఆర్మీనియా జాతి స్త్రీ అనే కుటుంబం చెప్పుకుంటూ వచ్చింది. బ్రిటన్ యువరాజు విలియం ఆమె వంశంవాడే. తల్లినుంచి మాత్రమే పిల్లలకు వచ్చే డీఎన్ఏను ఆ వంశంలోని వాళ్ళలో పరీక్షించి, అది దక్షిణాసియాలో తప్ప దాదాపు ఎక్కడా కనబడని రకమని 2013లో ప్రకటించారు. దీనితో ఆర్మీనియా మాట అబద్ధమైపోదు, ఆమె తండ్రి ఆర్మీనియావాడు కావచ్చు. పరీక్ష చెప్పింది తల్లి, తల్లి తల్లి, ఆమె తల్లి అనే ఒక్క తీగ గురించే. ఆ తీగ పేరు, ఊరు, వీధి చెప్పగలిగేది మళ్ళీ కాగితమే.

భారత రాజ్యాంగం కూడా ఈ తీగల్లో ఒకదాన్నే పట్టుకుంది. 366వ అధికరణం ప్రకారం ఆంగ్లో ఇండియన్ అంటే తండ్రో, తండ్రి వైపు మగ పూర్వీకుడో ఐరోపా సంతతివాడై ఉండాలి. ఐర్లండు అమ్మమ్మ ఉంటే సరిపోదు. హోసూరునుంచి ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు రోజూ చూసే వైట్‌ఫీల్డ్ కూడా ఇలాంటి కుటుంబాల కోసమే 1882లో ఏర్పడ్డ ఊరు. మైసూరు మహారాజు భూమి ఇచ్చాడు, ఆంగ్లో ఇండియన్ నాయకుడు వైట్ పేరు మీద ఆ పేరొచ్చింది.

కాగితాలకన్నా ముందు కంఠస్థం ఉండేది. 1249లో స్కోన్‌లో మూడో అలెగ్జాండర్‌ను రాజుగా నిలబెట్టినప్పుడు, కొండసీమ వంశకర్త ఒకడు ముందుకొచ్చి గేలిక్‌లో రాజు తాతముత్తాతల పేర్లు వరసగా చదివాడు. ఆ పని చేసేవాళ్ళను అక్కడ షెనకీ అంటారు. తెలుగు ఊళ్ళలో పిచ్చుకగుంట్లవాళ్ళు ఇంటింటి గోత్రాలు, ఇంటిపేర్లు చెప్పేవారు. కర్ణాటక వైపు హెళవలు ఎద్దుమీద కూర్చుని ఊరూరా తిరిగి అదే పని చేసేవారు. హోసూరు సీమలో ఇంటిపేరు అలవాటున్న కుటుంబాలు కూడా బడిలో, రేషన్ కార్డులో తండ్రి పేరు మొదటి అక్షరంతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. మూడు తరాలు గడిస్తే ఆ అక్షరం మూడుసార్లు మారుతుంది. కిట్టీ పేరు మారినట్టే మన ఇంటిపేర్లూ కాగితంనుంచి జారిపోతున్నాయి. ఇంట్లో అవ్వ నోట ఉన్నంతకాలమే అవి ఉంటాయి.

తెలుగు కుటుంబాలకూ గ్రిఫిత్ జాబితాల్లాంటివి ఉన్నాయి. 1858 తరవాత ఇనాం కమిషన్ రాయించిన రిజిస్టర్లలో ఇనాం ఎవరికి, ఎవరు ఇచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్న వారసులెవరు అని ఊరివారీగా ఉంది. గుడి పూజారి, కరణం, శానుభోగుడు, చెరువు తూము చూసే నీరుగంటి, వీళ్ళందరి పేర్లూ ఆ పుటల్లో దొరికే అవకాశం ఉంది. 1860 నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికా నాటాల్‌కు వెళ్ళిన 1,52,184 మంది ఓడ జాబితాల్లోనైతే తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు అన్నీ ఉన్నాయి. డర్బన్ తెలుగువాళ్ళు ఆ గడులు పట్టుకునే ఇక్కడి ఊళ్ళకు దారి వెతుక్కుంటున్నారు. గుమాస్తా విన్నది విన్నట్టు ఇంగ్లీషులో రాసిన ఆ ఊరి పేర్లను పైకి చదివి పోల్చగలిగేది ఆ తాలూకా మనిషే. సేలం జిల్లా అని రాసి ఉన్న ఓడ జాబితాలో ఊరు గుర్తుపట్టాలంటే హోసూరు తెలుగువాడి చెవి కావాలి.

బారామహల్ కాగితాలను మద్రాసు ప్రభుత్వం 1907 నుంచి భాగాలుగా అచ్చువేసింది. అందులో ఒక భాగం మొత్తం ఇక్కడి జనం గురించే. రీడ్, మన్రోల కాలంలో రాయించినది. అసలు కట్టలు చెన్నైలో ఎగ్మూరు రైల్వే స్టేషన్ ఎదుట ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1909నాటి ఎర్ర భవనం అది. స్కాట్లాండు వాళ్ళ కర్క్ అక్కడికి నడిచిపోయేంత దూరంలోనే ఉంది. తాత పుట్టిన సంవత్సరం, ఆనాటి జిల్లా పేరు, ఊరి పేరు మూడు రకాల రాతల్లో, అవ్వ చెప్పిన ఇంటిపేరు, ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకుని వెళ్తే ఆ బల్ల దగ్గర పని మొదలుపెట్టవచ్చు.